జ్ఞాన దంతాలు తీయించిన పిల్లకు పప్పు, పెరుగు పెట్టకూడదా?

ప్రశ్న: మా అమ్మాయికి 22 ఏళ్లు, హన్మకొండలోనే పీజీ చదువుతోంది. సంక్రాంతి వెళ్లిన శనివారం నాడు కింది దవడలో రెండు వైపులా ఉన్న జ్ఞాన దంతాలను చిన్న ఆపరేషన్ చేసి తీసి, కుట్లు వేశారు. మెత్తటివి, చల్లటివి పెట్టమని డాక్టరు గారు చెప్పారు గాని ఏవేవి పెట్టాలో విడమరిచి అడగడం ఆ కంగారులో నాకు తట్టలేదు. పప్పు, పెరుగు, ఆలుగడ్డ, వంకాయ తింటే గాయం చీము పడుతుందనీ, పత్యం ఉండాలనీ మా అత్తమ్మ వేడి అన్నంలో నెయ్యి, ఎల్లిపాయ కారం కలిపి పెడుతున్నారు. ముద్ద నోట్లో పెట్టగానే పిల్ల కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. నాలుగు రోజులుగా చాయలో ముంచిన బ్రెడ్డు, కాస్త ఐస్‌క్రీమ్ తప్ప ఏదీ దిగలేదు. నోరు రెండు వేళ్ల మందమే తెరుచుకుంటోంది. ఏది తిన్నా చేదుగా, ఇనుము నాకినట్లుగా ఉందంటోంది. నిన్న అద్దంలో చూసుకుంటే గాయం మీద తెల్లగా కనిపించింది. అది మొన్న ఒక్క పూట తిన్న పెరుగు వల్ల పట్టిన చీమేనని అత్తమ్మ అంటున్నారు. ఇంతకూ ఏం పెట్టాలి? డబ్బాలో ఉన్న సకినాలు ఎప్పుడు తినవచ్చు? వచ్చే వారం మేడారం జాతరకు పోవాలనుకున్నాము. వెంట తీసుకుపోవచ్చా?
— ఒక తల్లి, హన్మకొండ

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం అందిన రోజే నాలుగు ముక్కల్లో విడిగా జవాబు పంపాను. ఇదే అవస్థలో ఉన్న ఇతరులకు కూడా పనికివస్తుందని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మీరు చివరన రాసిన ఆ తెల్లటి పొరతోనే మొదలుపెడతాను. మీ ఇంట్లో తిండి గురించి జరుగుతున్న వాదమంతా దాని మీదే నిలబడి ఉన్నది.

పన్ను తీసిన చోట దవడ ఎముకలో ఒక గుంట మిగులుతుంది. ఆ గుంట రక్తంతో నిండి, ఆ రక్తం గడ్డకట్టి, లోపలి ఎముకకూ నరాల కొసలకూ మూత వలె నిలుస్తుంది. ఒకటి రెండు రోజులు గడిచేసరికి ఆ గడ్డ పైభాగం ఎరుపు తగ్గి తెల్లగానో లేత పసుపుగానో మారుతుంది. అది ఫైబ్రిన్ అనే ప్రోటీను అల్లిన పొర. మోకాలికి దెబ్బ తగిలితే పైన పొక్కు కట్టి ఎండుతుంది కదా, నోరు ఎల్లప్పుడూ తడిగా ఉండే చోటు కాబట్టి ఇక్కడ ఆ పొక్కు ఎండకుండా మెత్తగా, తెల్లగా ఉండిపోతుంది, అంతే తేడా. దానిని దూదితో గాని, వేలితో గాని, బ్రష్షుతో గాని తుడవవద్దు. చీము తీస్తున్నామనుకుని ఆ మూతను ఊడదీసుకుని, తట్టుకోలేని నొప్పితో వచ్చేవారు నా దగ్గరికి ఏటా ఒకరిద్దరైనా ఉంటారు.

నిజంగా చీము పడితే దాని తీరు వేరుగా ఉంటుంది. మూడో రోజు తరువాత తగ్గుముఖం పట్టవలసిన వాపు పెరుగుతుంది, నోట్లో కుళ్లిన రుచి, దుర్వాసన వస్తాయి, గాయం నుంచి పసుపుపచ్చని ద్రవం కారుతుంది, జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది. మీ ఉత్తరంలో ఇవేవీ లేవు. అయినా నేను కళ్లతో చూడలేదు కాబట్టి, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆపరేషన్ చేసిన డాక్టరు గారి దగ్గరికి ఆ రోజే తీసుకువెళ్లండి. మింగడం గాని, ఊపిరి తీసుకోవడం గాని కష్టమైతే మాత్రం అపాయింట్‌మెంటు కోసం చూడకుండా వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి. కింది పెదవి, గదవ ఇప్పటికీ మొద్దుబారి ఉంటే ఆ సంగతి కూడా డాక్టరు గారికి చెప్పండి. మత్తు సూది ప్రభావం సాధారణంగా కొన్ని గంటలకే దిగిపోతుంది.

ఇక పత్యం సంగతి. నేను పరకాల వైపు పల్లెలో పెరిగినదానిని. మా నాయనమ్మ దగ్గర బాలింతకైనా, కాలికి గొడ్డలి తగిలినవాడికైనా ఒకటే పత్యం ఉండేది: వేడి బువ్వ, నెయ్యి, ఎల్లిపాయ కారం. పప్పు ముట్టనిచ్చేది కాదు, పెరుగు పేరెత్తనిచ్చేది కాదు. కాబట్టి మీ అత్తమ్మ మాటను నేను తేలికగా తీసివేయలేను. మనుమరాలి మీద ప్రేమతోనే ఆమె ఆ ముద్ద కలుపుతున్నారు. అయితే చీము అనేది గాయంలో సూక్ష్మజీవులు చేరినప్పుడు, వాటితో పోరాడి చనిపోయిన తెల్ల రక్తకణాల వల్ల ఏర్పడేది. తిన్న పప్పు కడుపులో అరిగి, విడిపోయి, రక్తంలో కలిసేసరికి అది పప్పు అన్న గుర్తే మిగలదు, అది గాయం దగ్గరికి చేరి చీముగా మారే దారి లేదు. పెరుగూ అంతే. పప్పు, పెరుగు, చీము చూపుకు ఒకే వరసలో ఉండడమే ఈ అనుమానానికి మూలమేమో అని నాకు అనిపిస్తుంది గాని, అది నా ఊహ మాత్రమే.

ఈ పత్యంలో నాకు బాధ కలిగించే విషయం మరొకటి ఉన్నది. గాయం మానడానికి కొత్త కణజాలం పుట్టాలి, దానికి కావలసిన ముడిసరుకు ప్రోటీను. మన ఇళ్లలో, అందులోనూ మాంసం నమలలేని రోజులలో, ఆ ప్రోటీను వచ్చేది పప్పు నుంచి, పాలు పెరుగుల నుంచి, గుడ్ల నుంచి. పత్యం సరిగ్గా వాటినే కంచం నుంచి తీసివేసి, నోటి గాయానికి సరిపడని మూడింటిని తెచ్చి పెడుతోంది. వేడి అన్నం గాయం దగ్గరి రక్తనాళాలను వెడల్పు చేసి మళ్లీ రక్తం కారేటట్లు చేయవచ్చు. కారం పచ్చి పుండు మీద మండుతుంది. దంచిన ఎల్లిపాయ పొట్టు, మిరప గింజ గుంటలో దిగితే కడిగినా రావు. చేతికో కాలికో గాయమైనవాడు ఎల్లిపాయ కారంతో తిన్నా ఆ గాయానికి వచ్చిన నష్టం లేదు, ఎందుకంటే ముద్ద ఆ గాయం మీదుగా పోదు. నోటిలోని గాయం మీదుగా మాత్రం తిన్న ప్రతి మెతుకూ పోతుంది. అందుచేత ఇక్కడ చూడవలసింది ఆ పదార్థం చలువదా వేడిదా, వాతమా పైత్యమా అని కాదు, అది నమలకుండా దిగుతుందా, చల్లారిందా, అందులో గింజ, పొట్టు, పలుకు ఉన్నాయా అని మాత్రమే.

అత్తమ్మ చెప్పినవాటిలో నిలిచే మాటలు కూడా ఉన్నాయి. నెయ్యి నిక్షేపంగా వేయండి. రెండు చెంచాలు తినడమే గగనమైన పిల్లకు ఆ రెండు చెంచాలలోనే ఎక్కువ శక్తి అందడానికి నెయ్యిని మించినది లేదు, పైగా మెతుకు జారుతుంది. వంకాయ వద్దన్నదీ నిజమే, కాకపోతే చీము పడుతుందని కాదు, దాని సన్న గింజలు గుంటలో చేరతాయని. ఆలుగడ్డ విషయంలో మాత్రం ఒప్పుకోలేను. తొక్క తీసి, ఉడికించి, పాలు, నెయ్యి పోసి వెన్న లాగా మెదిపిన ఆలుగడ్డ ఈ రోజులలో దొరికే సుఖమైన తిండ్లలో ఒకటి. ఈ మాటలను మీరు వాదనగా కాకుండా, అత్తమ్మ చేతనే పిల్లకు కిచిడి చేయించి చెబితే సగం గొడవ తీరుతుందని నా అనుభవం.

ఆ కిచిడి ఎట్లా చేయాలో చెబుతాను, ఎందుకంటే మీ అమ్మాయికి ఈ వారమంతా ప్రధాన భోజనం అదే కావాలి. ఒక కప్పు బియ్యానికి అర కప్పుకు తగ్గకుండా పెసరపప్పు గాని, ఎర్రపప్పు గాని తీసుకుని, ఆరు కప్పుల నీళ్లు, చిటికెడు పసుపు, ఉప్పు వేసి, కుక్కరులో ఆరు కూతలు రానిచ్చి, దించిన తరువాత గరిటెతో బాగా మెదపండి. మెతుకు మెతుకుగా కనబడకూడదు. పోపు లేకుండా పిల్ల తినదంటే నెయ్యిలో జిలకర, కరివేపాకు వేసి కాగనిచ్చి, ఆ నెయ్యిని చాయ జాలితో వడగట్టి కిచిడి మీద పోయండి, వాసన వస్తుంది, గింజ రాదు. ఆవాలు, ఎండు మిరపకాయ, మిరియాలు ఈ నెలకు మరిచిపోవలసినవే. పూర్తిగా చల్లార్చి, గోరువెచ్చని దశ కూడా దాటాక పెట్టండి.

చాలా ఇళ్లలో జరిగే ఒక పొరపాటు చెప్పి ముందుకు పోతాను. పత్యం విడిచిపెట్టి పప్పు పెడదామని ఒప్పుకున్న తరువాత కూడా, పిల్ల నమలలేదని పైన తేరిన కట్టు మాత్రం గిన్నెలోకి వంచి పోస్తారు. ఆ నీళ్లలో ఉప్పూ రుచీ ఉంటాయి, ప్రోటీను మాత్రం చాలా వరకు అడుగున పప్పులోనే ఉండిపోతుంది. పప్పును మెదిపి, పలుచన చేసి, మొత్తంగా ఇవ్వండి. మేక కాళ్ల సూపు గురించి కూడా ఇదే మాట. ఎముక గాయానికి పాయ తాగితే ఎముక అతుక్కుంటుందని మన దగ్గర గట్టి నమ్మకం. మిరియాలు, మసాలా లేకుండా కాచి, వడగట్టి, చల్లార్చి ఇస్తే తప్పేమీ లేదు, తాగినంత సేపు ప్రాణానికి హాయిగా ఉంటుంది, కానీ అది తాగింది గదా అని ఆ పూట పప్పునో గుడ్డునో మానివేయవద్దు.

ఎంత పెట్టాలన్నది మీకు ఒక లెక్కగా తెలిస్తే మేలు. మీ అమ్మాయి బరువు 50 కిలోలు అనుకుంటే రోజుకు 50 గ్రాముల ప్రోటీను అందేటట్లు చూడండి. అర లీటరు పాలలో సుమారు 16 గ్రాములు, పావు కిలో పెరుగులో 8, రెండు కోడిగుడ్లలో 12, కిచిడిలోకి రోజంతటికీ కలిపి 60 గ్రాముల పప్పు వేస్తే అందులో 14 గ్రాములు ఉంటాయి. అంతటితో 50 పూర్తయింది, బియ్యంలోనిది అదనం. ఇదే లెక్కను ఆమె ఇన్నాళ్లుగా తింటున్న దానికి వేసి చూడండి: చాయలో ముంచిన రెండు బ్రెడ్డు ముక్కలకు కలిపి నాలుగైదు గ్రాములు. పిల్ల నీరసపడటంలో వింతేమున్నది? ఐస్‌క్రీమ్ మొదటి రోజున చల్లదనం కోసం మంచిదే, అందులో జీడిపప్పు పలుకులు, కోను లేకుండా ఉంటే ఇప్పుడైనా ఒక కప్పు తినవచ్చు, కాని దానిని భోజనం కింద జమకట్టవద్దు. చాయ పూర్తిగా మానిపించనక్కరలేదు, చల్లార్చి ఇవ్వండి చాలు.

గుడ్డును ఉడకబెట్టి ఇస్తే పచ్చసొన పొడిపొడిగా రాలి గుంటలోకి పోతుంది. అందుకని గిలకొట్టి, కాసిని పాలు కలిపి, సన్నని మంట మీద నెయ్యిలో మెత్తటి పొరటుగా చేసి, కారం, ఉల్లిగడ్డ లేకుండా పెట్టండి. పెరుగు అన్నాన్ని అన్నం వేడిగా ఉన్నప్పుడే పాలు పోసి మెదిపి, చల్లారాక పెరుగు కలిపి చేస్తే గొంతులోకి జారిపోతుంది. రాగి జావ ఉండలు లేకుండా కాచి, చల్లారాక చల్ల కలిపి పోయవచ్చు. అంబలి అలవాటున్న ఇల్లయితే అదీ పనికివస్తుంది, నంజుకునే పచ్చి ఉల్లిగడ్డ, మిరపకాయ తొక్కు మాత్రం కంచంలో కనబడకూడదు. జొన్న గటక మెత్తగా ఉన్నట్లే తోస్తుంది గాని అందులోని రవ్వ పలుకు ఈ వారం ప్రమాదమే, ఉప్మా కూడా అంతే. ఇడ్లీని పలుచని పప్పులో నానవేసి పెట్టవచ్చు. పచ్చి పులుసు మన ప్రాణమే అయినా చింతపండు పులుపు, ఉల్లి, పచ్చిమిర్చి మూడూ పచ్చి గాయానికి శత్రువులు కాబట్టి పది రోజులు ఆగవలసిందే.

పండ్లలో ఎర్రగా పండిన బొప్పాయిని మొదట నిలబెడతాను. నాలుకతో నొక్కితే కరుగుతుంది, గాయం మానడానికి అవసరమైన విటమిన్ సి అందులో పుష్కలంగా ఉంటుంది, నారింజ వలె మండదు. గింజలు తీసివేసిన సపోట, మెదిపిన అరటిపండు మంచివే. జామలో విటమిన్ సి అంతకన్నా ఎక్కువ ఉన్నా ఆ గింజల వల్ల వద్దు. ఈ రుతువులో సంచుల కొద్దీ వచ్చే రేగుపండ్లు, పండుగ చెరకు గురించి చెప్పనే అక్కరలేదు.

తినే పద్ధతి కూడా ముఖ్యం. నోరు రెండు వేళ్ల మందమే తెరుచుకోవడం నాలుగో రోజున అసాధారణం కాదు. కింది జ్ఞాన దంతం తీసేటప్పుడు నమిలే కండరాలు బిగుసుకుంటాయి, ఒకటి రెండు వారాలలో క్రమంగా సడలుతాయి. అందుచేత చేత్తో ముద్దలు పెట్టక చిన్న చెంచాతో, నాలుక ముందు భాగంలో పెట్టి, అంగిలికి అదిమి మింగమని చెప్పండి. ఒక వైపు పన్ను తీసినవారికి రెండో వైపు నమలండని చెబుతాము. మీ అమ్మాయికి రెండు వైపులా గాయాలే కాబట్టి ఆ వెసులుబాటు లేదు. మూడు పూటలు పట్టుబట్టక, రెండు గంటలకు ఒకసారి ఒక చిన్న గిన్నెడు పెట్టండి.

ఇప్పుడు అన్నిటికంటె గట్టిగా చెప్పవలసిన మాట: నోటితో పీల్చడం పనికిరాదు. పీల్చినప్పుడు నోటిలో గాలి పలుచబడి, ఆ లాగుడుకు రక్తపు గడ్డ గుంట నుంచి ఊడి రావచ్చు. అట్లా ఊడితే ఎముక బయటపడి, మూడో రోజుకూ అయిదో రోజుకూ మధ్య చెవి దాకా పాకే సలుపు మొదలవుతుంది. దంతవైద్యులు దానిని డ్రై సాకెట్ అంటారు. స్ట్రా వద్దని చాలామంది డాక్టర్లు చెబుతారు, కానీ మన ఊళ్లలో స్ట్రా లేకుండా పీల్చే పనులు ఎన్ని! కొబ్బరి బోండాన్ని గ్లాసులో వంపించండి. చల్ల ప్యాకెట్టు మూల కొరికి నోట్లో పెట్టుకోవడం, పుల్ల ఐసు చప్పరించడం, మునగకాయ పీల్చడం, అన్నిటికీ మించి మూలుగ బొక్క జుర్రడం, ఇవన్నీ స్ట్రాతో సమానమే. గట్టిగా ఉమ్మడం కూడా ఆ జాబితాలోనిదే. ఇది చదువుతున్న మగవారికి ఒక మాట: బీడీ, సిగరెట్టులో పీల్చడమూ ఉంది, పొగా ఉంది, కాబట్టి ఆ రెండు వారాలు వాటి జోలికి పోవద్దు. సలుపు మొదలైతే లవంగం దంచి గుంటలో కూరడం, పసుపు అద్దడం వంటివి చేయక డాక్టరు గారి దగ్గరికి పోతే గుంటను కడిగి మందు పెడతారు, చాలామందికి ఆ రోజే ఉపశమనం దొరుకుతుంది.

ప్రతి తిండి తరువాత ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు కలిపి నోటిలో పోసుకుని, పుక్కిలించకుండా తలను అటూ ఇటూ వంచి, ఉమ్మకుండా నోరు తెరిచి బేసినులోకి జారవిడవమనండి. మొదటి 24 గంటలు నోరు కడగకూడదు గాని ఇప్పుడు ఆ గడువు దాటింది, ఇక కడగకపోతేనే తప్పు. తక్కిన పళ్లను మెత్తటి బ్రష్షుతో, గాయాలకు దూరంగా తోముకోవచ్చు.

నోరు చేదుగా, ఇనుము నాకినట్లు ఉందన్నది ఆమె గారాబం కాదు. మందుల చీటీ చూడండి. అందులో మెట్రోనిడజోల్ అనే ఆంటీబయాటిక్ ఉంటే అది నోటికి లోహపు రుచి తెస్తుంది, మందు అయిపోయిన తరువాత ఆ రుచీ పోతుంది. చల్లటి పాలు, పెరుగు, అరటిపండు వంటివి ఆ రుచిని కొంత కప్పిపుచ్చుతాయి. నొప్పి మాత్రలను ఖాళీ కడుపున వేస్తే కడుపు మండి వాంతి కావచ్చు, అందుకే గిన్నెడు కిచిడి తరువాతనే ఇవ్వండి. చేదుగా ఉందని ఆంటీబయాటిక్‌ను మధ్యలో మానిపించవద్దు. మెట్రోనిడజోల్ వాడుతున్నన్ని రోజులూ, ఆపిన తరువాత మరో మూడు రోజులూ కల్లు, మద్యం ఏ రూపంలోనూ కూడదు. జాతర మాట ఎత్తారు కాబట్టి ఇది ప్రత్యేకంగా రాస్తున్నాను.

వారం దాటాక తిండిని మెల్లగా గట్టిపరచండి. ఏడెనిమిది రోజులకు మామూలు అన్నాన్ని కాస్త మెత్తగా వండి పెట్టవచ్చు. మాంసాహారులైతే కొర్రమీనుతో మొదలుపెట్టండి, ముళ్లు తక్కువ, ముక్క మెత్తన, పైగా మన రాష్ట్ర చేప కూడా అదే. కారం, పులుపు లేకుండా నీళ్లలో ఉడికించి, ఉన్న ముళ్లు ఏరి, చిదిపి పెట్టాలి. పది రోజులకు పాలలో బాగా నానిన జొన్న రొట్టె, మెత్తగా ఉడికిన కోడి ఖీమా తినగలుగుతుంది.

సకినాల దగ్గర మాత్రం మీ అమ్మాయి నన్ను తిట్టుకున్నా సరే, నెల రోజులు ఆగాలి. బియ్యపు పిండి నూనెలో వేగి గాజు ముక్కలా విరుగుతుంది, ఆ విరిగిన అంచు లేత చిగురును కోస్తుంది. దానికి తోడు ప్రతి చుట్టులోనూ నువ్వులు, వాము. నువ్వు గింజ ఆ గుంటలో సరిగ్గా పట్టేటంత ఉంటుంది, ఒకసారి దిగితే బయటికి రాదు. చాయలో నానబెట్టుకుని తింటానంటుంది, నేనూ చిన్నప్పుడు అట్లాగే తిన్నాను, కాని నానేది పిండే, నువ్వులు నానవు. పైచిగురు గుంటను కప్పుకోవడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, లోపల ఎముక నిండడానికి నెలలు పడుతుంది. గాలి చొరని డబ్బాలో సకినాలు అన్నాళ్లూ కరకరలాడుతూనే ఉంటాయి, ఒక డబ్బా విడిగా కట్టి దాచండి. సర్వపిండి, అరిసెలు, నువ్వుల లడ్డూలు, పేలాలు, గుడాలు అన్నిటికీ ఇదే గడువు.

మేడారం విషయానికి వస్తే, ఆపరేషన్ అయిన పదకొండో పన్నెండో రోజున జాతర వస్తుంది. అప్పటికి నొప్పి మాత్రల అవసరం లేకుండా, వాపు దిగి, నోరు మూడు వేళ్ల మందం తెరుచుకుంటుంటే తీసుకుపోవడానికి అభ్యంతరం లేదు. హన్మకొండ నుంచి వంద కిలోమీటర్ల దారి, ఆ నాలుగు రోజులలో బండ్లు ఎక్కడ ఆగిపోతాయో ఎవరూ చెప్పలేరు, కాబట్టి ఆమె తిండి ఆమె వెంట ఉండాలి. మొదటి పూటకు పెరుగన్నం, ఇడ్లీలు, దారికి అరటిపండ్లు, అక్కడ వండుకోవడానికి బియ్యం, పెసరపప్పు కలిపి కట్టిన ఒక సంచి, కాచి చల్లార్చిన నీళ్ల సీసాలు, ఒక పొట్లం ఉప్పు. అందరూ విడిదిలో కోడిని కోసి వండుకునేటప్పుడు ఆమెకు కారం వేయకముందే నాలుగు ముక్కలు తీసి, బొక్క లేకుండా చిదిపి పెట్టండి. జంపన్న వాగులో స్నానం చేయవచ్చు, కానీ ఆ నీటిని నోట్లో పోసుకోవద్దని, పుక్కిలించవద్దని ముందే చెప్పి ఉంచండి. ప్రసాదంగా వచ్చే కొబ్బరి ముక్కను మీరు తినండి. తల్లుల దగ్గరి బంగారాన్ని, అంటే ఆ బెల్లాన్ని, కొరకనివ్వక పొడి చేసి పాలలో కరిగించి ఇస్తే ఆమెకూ ప్రసాదం అందుతుంది.

బయలుదేరే ముందు చేయవలసిన పని ఒకటి మిగిలి ఉన్నది. వేసినవి వాటంతట అవే కరిగే కుట్లా, పట్టు దారపు కుట్లా అని డాక్టరు గారికి ఫోను చేసి అడగండి. పట్టు దారమైతే వాటిని వారం రోజులకు, అంటే వచ్చే శనివారం ప్రాంతంలో తీస్తారు. కరిగేవే అయినా ఆ రోజు ఒకసారి చూపించి, గుంటలు ఎట్లా ఉన్నాయో, సిరంజితో నీళ్లు పెట్టి కడగడం మొదలుపెట్టవచ్చునో లేదో, ప్రయాణానికి పంపవచ్చునో లేదో ఆయన నోటితోనే చెప్పించుకోండి. ఆయన వద్దంటే ఈసారికి మీరు వెళ్లి, ఆమెకు బంగారం ఇంటికి తీసుకురండి.